‘ఇనాగరేట్’ అంటే ఉత్త ‘స్టార్ట్’ చేయడమేనా?

ఇనాగరేట్‌కీ స్టార్ట్‌కీ తేడా ఏమిటి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు.

టెక్కలిలో డీటీపీ, ప్రింటింగ్ నా పని. షాపు ఓపెనింగ్ కార్డులు, శిలాఫలకాల మేటర్ కొట్టిపెట్టడం వల్ల ఈ మాట తరచూ తగులుతూనే ఉంటుంది. శంకుస్థాపన పలక మీద కూడా ‘ఇనాగరేటెడ్ బై’ అని వేసెయ్యమంటారు కొందరు. అది కుదరదు. పునాదిరాయి వేయడం వేరు. కట్టడం పూర్తయ్యాక నలుగురినీ పిలిచి, లాంఛనంగా వాడకంలోకి తేవడం ఇనాగరేట్. వంట, పరీక్ష, బస్సు స్టార్ట్ అవుతాయి అంతే, వాటికి రిబ్బను అక్కర్లేదు. మనిషిని పదవిలో కూర్చోబెట్టడానికీ ఇదే మాట వాడతారు. అమెరికా అధ్యక్షుడికి ఆ రోజు 1937 నుంచి జనవరి 20, అంతకుముందు మార్చి 4.

పుట్టుక లాటిన్‌లో. పాతకాలపు రోమ్‌లో ‘ఆగర్’ అనే పూజారులు ఉండేవారు. వంపు కర్రతో ఆకాశాన్ని భాగాలుగా గుర్తుపెట్టుకుని, పక్షులు ఎటు ఎగిరాయి, ఎలా అరిచాయి అని చూసేవారు. జోస్యం కోసం కాదు, ఈ పనికి దేవతలు ఒప్పుకున్నారా లేదా తెలుసుకోవడానికి. అలా శకునం చూసి ఒక పూజారినో, స్థలాన్నో ప్రతిష్ఠించడమే ‘ఇనాగురారే’. ఇంగ్లీషులోకి 1600 ప్రాంతంలో వచ్చింది.

మన ముహూర్తం పంచాంగం చూసి ముందే పెట్టుకుంటాం. వాళ్ళది అప్పటికప్పుడు తేలాలి, కాదంటే ఆ పూటకి పని ఆగాలి. క్రీ.పూ. 249లో క్లాడియస్ పుల్కర్ అనే సేనాని యుద్ధానికి ముందు ఓడలోని శకునం కోళ్ళకి గింజలు వేయిస్తే అవి ముట్టలేదట, అంటే దేవతలు ఒప్పుకోనట్టు. ‘తినకపోతే తాగనీ’ అని సముద్రంలోకి విసిరేయించాడని రోమన్లు చెప్పుకున్నారు. ఆ యుద్ధంలో ఘోరంగా ఓడిపోయాడు. (కోళ్ళు మాత్రం ఏం పాపం చేశాయో!)

మా జిల్లా వాళ్ళకి ఇదేం వింతగా తోచదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానల ముందు కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడితే ఆ ఏడు వానలు, పంటలు బాగుంటాయని నమ్మకం. వాటి జోలికి ఎవరినీ వెళ్ళనివ్వరు.

‘ఆగర్’ అన్న మాటలో ఉన్నది నిజంగా పక్షేనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ‘పెరగడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని ఒక వాదం. అదే కార్డు మీద వచ్చే ‘ఆస్పిషస్’ (శుభప్రదమైన) అన్న మాటలో మాత్రం అనుమానం లేదు, అది లాటిన్‌లో పక్షి, చూడడం కలిసిన మాట.

కార్డు వేయించుకునేవాళ్ళు స్పెల్లింగ్‌లో ‘యు’ రెండుసార్లు ఉందో లేదో చూసుకోండి, ‘ఏ’ తర్వాత ఒకటి, ‘జి’ తర్వాత ఒకటి. నా దగ్గరికి వచ్చే మేటర్‌లో ఎక్కువగా ఎగిరిపోయేది ఆ రెండోదే.