కిరీటం నీడ కళ్ళ మీద పడనీయకు

రేపల్లె

చిరంజీవి అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి పద్యనాటకాలు ఆడేవాళ్ళ ఫొటోలు తీస్తానంటున్నావని చెప్పింది. నేను నిన్ను మందలించాలని ఆవిడ ఉద్దేశం. నాకేమో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు కెమెరా పట్టుకుంటున్నారన్న సంతోషం ఒకపక్క, ఎలాంటి మనుషుల ముందు నిలబడబోతున్నావో నీకు తెలుసా అన్న బెంగ ఇంకోపక్క. ఫోన్లో చెప్పబోతే "సరే మామయ్యా, సరే" అని తేల్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన ప్లాను కాగితం చదివాను. కెమెరా సంగతి నీకు నేను చెప్పేదేం లేదు. 85 ఎంఎం లెన్సు చాలు. ఫోకస్ కంటి మీద పెట్టు. రెండో బ్యాటరీ ఛార్జి చేసి దగ్గర పెట్టుకో. పందిళ్ళలో వైర్లన్నీ అతుకులే, మంచుకి తడిసి ఉంటాయి. చెప్పుల్లేని కాళ్ళతో లైటు స్టాండు ముట్టుకోవద్దు. ఈ మాట మర్చిపోయావంటే మాత్రం నేను ఊరుకోను.

లైటు గురించి ఒక్కటి చెబుతాను, ఇది క్లాసుల్లో చెప్పి ఉండరు. మామూలు మనిషికి పెట్టినట్టు లైటు ఎత్తున పెడితే కిరీటం నీడ నుదుటి మీంచి దిగి కళ్ళని కప్పేస్తుంది. కళ్ళు కనపడని కృష్ణుడి బొమ్మ ఎవరికి కావాలి? లైటు కిందికి దించు, ఆయన కంటి ఎత్తుకి కాస్త పైన ఉంచు. అప్పుడు కిరీటంలోని అద్దం బిళ్ళలు ఎదురు కొడతాయి. మనిషిని కదపకుండా లైటునే అంగుళం అంగుళం పక్కకి జరుపుకుంటూ పో, ఆ మెరుపు తప్పుకునే చోటు దొరుకుతుంది. ఒళ్ళో తెల్ల పంచె పరిస్తే గడ్డం కింద నలుపు విరుగుతుంది. భుజకీర్తులు బరువు, మీసానికి పెట్టిన గమ్ము దురద పెడుతుంది, రంగు వేసుకున్నాక అన్నం తినలేరు. కాబట్టి ఆయన కుర్చీలో కూర్చున్నాక నువ్వు సెట్టింగులు వెతుక్కుంటూ ఉండకూడదు. ముందే ఇంకెవరినైనా కూర్చోబెట్టి అన్నీ సరిచూసుకో.

నాకు కోపం తెప్పించింది ఆ కాగితంలో మూడో పేజీ. "మేకప్ నేనే డిజైన్ చేస్తాను, రిఫరెన్స్ ఫొటోలు చూపించి వేయిస్తాను, భంగిమలు ముందే స్కెచ్ వేసుకుంటాను" అని రాశావు. అది చదివాక నాకు తెనాలి గుర్తొచ్చింది.

నేను అక్కడ ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్న రోజులు, డెబ్బైల మొదట్లో. అప్పట్లో నాటకాలాడే ప్రతివాళ్ళకీ కరపత్రంలో బొమ్మ అచ్చు వేయడానికి లోహపు బ్లాకు కావాలి. వేషంతో ఫొటో తీయించుకుని, దాన్ని జింకు బ్లాకు చేయించుకుని, గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకునేవాళ్ళు. ఏ ఊళ్ళో నాటకం ఒప్పుకుంటే ఆ ఊరి ప్రెస్సుకి ఆ బ్లాకే వెళ్ళేది. ఒక్క ఫొటో ఏళ్ళ తరబడి ఆ మనిషికి ముఖంగా చెలామణీ అయ్యేది.

ఒకరోజు సత్యభామ వేషం వేసే పెద్దాయన వచ్చారు. అప్పటికే యాభై దాటాయి. స్థానం నరసింహారావు గారిని చూసి పెరిగిన తరం అది. స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్న స్థానం వారికి 1956లో పద్మశ్రీ వచ్చిందని ఆ వేషాలు వేసేవాళ్ళందరూ గర్వంగా చెప్పుకునేవారు. పెద్దాయన వెంట మేకప్ మాస్టారు కూడా వచ్చారు. లోపలి గదిలో ముఖానికి పూసే పసుపు రంగు అర్దళం నూరి, రంగు కలిపి, చాలాసేపు కష్టపడ్డారు. వేషం పూర్తయి బయటికొచ్చేసరికి మా స్టూడియో లైట్లు వెలుగుతున్నాయి. ఆ పెద్ద ఫొటోఫ్లడ్ బల్బుల కేసి ఒకసారి చూసి, మాస్టారు మా ఓనరుగారితో మెల్లగా, "అయ్యా, ఈ దీపాలకి పెదిమ తేలిపోద్దండి. ఇంకో పూత ముదురుగా వెయ్యనివ్వండి. ఎదురుగా చూస్తే బాగోదు గానీ బొమ్మలో సరిపోద్ది" అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. ఆ బల్బుల వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, మేం వాడే పాన్ ఫిల్ము ఎరుపుని కూడా పట్టుకుంటుంది. రెండూ కలిస్తే ఎర్రటి పెదవి ప్రింటులో చర్మం రంగుకి వచ్చేస్తుంది. మాస్టారుకి ఫిల్ముల పేర్లు తెలియవు. తాను వేసిన ముఖాలు కరపత్రాల్లో ఎట్లా అచ్చయ్యాయో చూసి చూసి నేర్చుకున్నారు. మా ఓనరుగారు వినలేదు. "ఫొటో సంగతి మాకొదిలెయ్యండి" అన్నారు. పెద్దాయన జడ ముందుకు వేసుకుని, చేత్తో పట్టుకుని, ఓరగా చూడబోయారు. అది సత్యభామ చూపు, జనం డబ్బులిచ్చి చూసేదే దాన్ని. ఓనరుగారు దాన్నీ ఒప్పుకోలేదు. "చెయ్యి కిందికి. నేరుగా కెమెరా వంక" అన్నారు. పెద్దాయన మాస్టారి వంక ఒకసారి చూసి, చెయ్యి దించేశారు. తెల్లగుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డ నాకు ఆ చూపు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

ప్రింటులో పెదవులు లేవు. మూతి ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడలా ఉంది. నెగెటివ్ మీద పెన్సిల్ పెడితే ప్రింటులో తెల్లబడుతుందే తప్ప నల్లబడదు. నలుపు తేవాలంటే బ్లేడు మొనతో పొరని గీకి పల్చన చేయాలి. ఓనరుగారి చెయ్యి గొప్పది, ఆ జిల్లాలో అంత రీటచింగ్ చేసేవాళ్ళు లేరు. కానీ ఆ రోజు కింది పెదవి అంచున పొర లేచిపోయి, ప్రింటులో అక్కడ నల్లటి మచ్చ తేలింది. బ్రష్షుతో దిద్దారు, దిద్దినకొద్దీ అది ఇంకెవరి నోరో అయిపోయింది. నాటకం తేదీ దగ్గరపడిందని పెద్దాయన ఆ ఫొటోనే తీసుకుని, పైసా తగ్గించకుండా డబ్బు కట్టి వెళ్ళిపోయారు. మాస్టారు మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు, తనతో వచ్చే కళాకారుల్ని కూడా వేరే స్టూడియోకి తీసుకెళ్ళారు.

కొన్నేళ్ళకి పెద్దాయన పోయారు. ఆయన కొడుకు ఎన్లార్జ్‌మెంటు కోసం వచ్చాడు. వేషంతో ఉన్న ఫొటో ఇంట్లో అదొక్కటేనట. "నోరు కాస్త సరిచేస్తారా? మా నాన్న నవ్వు ఇట్లా ఉండదండీ" అని అడిగాడు. ఓనరుగారు నెగెటివ్ కవరులోంచి తీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. చేసేదేం లేదు, పొరే పోయాక ఇంక అక్కడ ఏముంటుంది? ఎన్లార్జ్‌మెంటు చేసిచ్చి డబ్బు తీసుకోలేదు. ఆయన చెడ్డమనిషి కాదమ్మా. నాకు డార్క్‌రూమ్ నేర్పిన చెయ్యి అది, ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. కానీ ఆ మధ్యాహ్నం ఆ గదిలో ముఖం సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, ఆయన ఒక్కరి మాటా వినలేదు.

కాబట్టి ఆ మూడో పేజీ చింపెయ్. కోప్పడుతున్నానని అనుకోకు, నీ స్కెచ్‌లు బాగున్నాయి, ఆ గదాధారి భీముడి స్కెచ్ నేను దాచుకున్నాను కూడా. కానీ ముందు వాళ్ళని అడుగు. "మీకు ఇష్టమైన పద్యం ఏది, అది అందుకునే ముందు మీరు ఎట్లా నిలబడతారు?" అను. రాగం తీయమను, పాడుతుండగానే తీయి. పద్యం ఆఖర్న రాగం సాగదీసి ఊపిరి వదిలాక ముఖం సద్దుమణుగుతుంది చూడు, అప్పుడు నొక్కు. కుదిరితే హార్మోనిస్టుని కూడా పిలువు, శ్రుతి లేకుండా వాళ్ళకి వేషం పూర్తయినట్టు ఉండదు. నన్నడిగితే నాటకం అయ్యాక తీయడమే మేలు. తెల్లవారుజామున రంగు చెమటకి చర్మంలో కలిసిపోయి ఉంటుంది, వేషమూ మనిషీ రెండూ కనిపిస్తాయి.

కెనడా ఫొటోగ్రాఫరు కార్ష్ 1941లో ఒట్టావాలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసి తీసిన ఫొటో గురించి నువ్వూ ఒకసారి నాకు ఉత్సాహంగా చెప్పావు. ఆ వెంటనే చర్చిల్ నవ్వుతూ ఇంకో ఫొటో తీయనిచ్చాడు, దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. దేశాన్ని ఏలేవాడి చుట్ట లాక్కోవచ్చు, వాడికి ఇంకో వంద ఫొటోలుంటాయి. నీ ముందు కూర్చునే మనిషికి నువ్వు తీసేదే ఆఖరి ఫొటో కావచ్చు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన తర్వాత, కృష్ణ మీద పెనుమూడి రేవు దాటి మనుషులు ఇక్కడి నా స్టూడియోకి వచ్చారు. అప్పటికి వారధి లేదు, పడవలే. "మా అమ్మాయి పెళ్ళిచూపులకి మీ దగ్గరే ఫొటో తీయించామండీ, నెగెటివ్ ఉందేమో చూడండి" అని అడిగారు. పేరు, ఊరు, తేదీ రాసిన కవర్లలో ఉన్నవి దొరికాయి. నాకు ముందు ఈ స్టూడియో నడిపిన ఓనరు పేర్లు రాయకుండా డబ్బాల్లో పోసినవి ఎంత వెతికినా దొరకలేదు. అందుకే నీకు విసుగొచ్చేదాకా చెబుతాను: ఇంటికొచ్చిన రాత్రే ప్రతి ఫైలుకీ పేరు, ఊరు, వేషం రాయి. మూడు చోట్ల దాచు, ఒకటి ఊరు దాటి ఉండాలి. ప్రదర్శన పెట్టకముందే మొదటి ప్రింటు కూర్చున్న మనిషి చేతికి వెళ్ళాలి, 12×15 అంగుళాల కంటే తగ్గకుండా. కింద మేకప్ మాస్టారి పేరు కూడా ఉండాలి. అనుమతి కాగితం తెలుగులో రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించుకో.

ఆడవాళ్ళ వేషాల గదిలోకి నువ్వు వెళ్ళగలవు, నేను వెళ్ళలేకపోయాను. రాజా దీన్‌దయాళ్ గారు 1892లో హైదరాబాదులో పరదా చాటున ఉండే ఆడవాళ్ళ కోసం జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారంటే ఎందుకో ఆలోచించు. స్త్రీ పాత్రలు ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళే వేస్తున్నారు. అద్దం ముందు వాళ్ళు సగం రుక్మిణిగా, సగం ఇంటి మనిషిగా ఉండే ఆ కాసేపు ఏ మగ ఫొటోగ్రాఫరూ సరిగ్గా తీయలేదు. వాళ్ళు తీయమంటేనే తీయి. రాత్రి నాటకం అయ్యాక ఒంటరిగా బస్టాండుకి బయల్దేరకు, ట్రూపు వ్యానులోనే రా, లేదంటే నాకు చెబితే మనిషిని పంపిస్తాను.

ఆ మేకప్ మాస్టారి అబ్బాయి తెనాలిలో నాటకాల వేషాలిచ్చే ఒక డ్రెస్ కంపెనీలో ఉన్నాడు, వాళ్ళ నాన్న చెయ్యే వచ్చింది. నేను మాట్లాడాను, బుధవారం రమ్మన్నాడు. నీ ప్లాను కాగితం, ఒక పెన్సిల్ ఆయన ముందు పెట్టి, కొట్టేయాల్సినవి కొట్టేయమను. ఆయన రోజు కూలి ఎంతో మొదటే అడిగి, లైట్ల అద్దె కంటే ముందు అది పక్కన పెట్టు. మంగళవారం రైలెక్కేటప్పుడు ఫోన్ చెయ్యి, తెనాలి స్టేషన్‌కి నేను వస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

ఇట్లు,
మామయ్య