పెనం మీద నీటిచుక్క ఎందుకు పరిగెడుతుంది?

నిత్యజీవితంలో కనిపించే భౌతికశాస్త్రపు చిక్కుముడులు తరగతిలో నిజంగా ఉపయోగపడతాయా, లేక కాసేపు పిల్లలను నవ్వించడానికేనా అని మీరు అడిగారు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నవాడిగా, దోసెల పెనంతో నాకు కలిగిన ఒక అనుభవం చెబుతాను.

దోసె పోసే ముందు పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్లు చిలకరించడం మన ఇళ్లలో మామూలే. పెనం ఓ మోస్తరుగా కాలితే చుక్క చుయ్యిమని క్షణంలో ఇగిరిపోతుంది. మరీ ఎక్కువగా కాలితే మాత్రం అదే చుక్క గుండ్రటి పూసలా మారి, పెనమంతా జారుతూ తిరుగుతుంది. అది చూడగానే మా అమ్మ మంట తగ్గించి, ఇంకాసిని నీళ్లు చల్లి, కోసిన ఉల్లిపాయతో రుద్దేది. అంత వేడి మీద పిండి సరిగా పరుచుకోక గరిటెతో పాటే లేచి వస్తుంది మరి.

ఒక ఏడాది గుప్తోష్ణం (ఉష్ణోగ్రత మారకుండానే నీరు ఆవిరిగా మారడం వంటి మార్పులకు పట్టే వేడి) పాఠం మొదలుపెట్టే రోజున ఇండక్షన్ స్టవ్, మా ఇంటి ఇనప పెనం, మందుసీసాతో వచ్చే డ్రాపర్ పట్టుకుని తరగతికి వెళ్లాను. పెనం ఎక్కువగా కాలిన కొద్దీ చుక్క త్వరగా ఆవిరవుతుందా, ఆలస్యంగానా అన్నది ముందే కాగితం మీద రాయమన్నాను. నోటితో చెప్పిన అంచనా తప్పితే "నేనూ అదే అనుకున్నాను సార్" అని తప్పించుకుంటారు, రాసినదాన్ని అలా మార్చలేరు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీలు కావాలని నిద్రలో లేపి అడిగినా చెప్పగల ఆ పిల్లల్లో దాదాపు అందరూ "త్వరగా" అనే రాశారు.

మొదటి చుక్క సెకను కూడా నిలవలేదు. పెనాన్ని మరికాసేపు కాలనిచ్చి వేసిన చుక్క 38 సెకన్లు తిరిగింది. పెనానికి ఉన్న నూనె జిడ్డు వల్లే అలా జరిగిందని ఒక అబ్బాయి అభ్యంతరం చెప్పాడు. ఆ రోజు వచ్చిన మాటలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే. పెనాన్ని చల్లార్చి, సబ్బుతో తోమించి, మళ్లీ కాల్చి చూశాం. చుక్క మళ్లీ పరిగెత్తింది. అప్పటికి గంట సగం అయిపోయింది.

కారణం చెప్పింది ఆ తరువాతే. పెనం ఉష్ణోగ్రత దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక, చుక్క అడుగుభాగం తాకీ తాకగానే ఆవిరై, చుక్కకూ ఇనుముకూ మధ్య పలచటి పొరలా నిలుస్తుంది. నీటితో పోలిస్తే ఆవిరి ఉష్ణవాహకత్వం సుమారు 25 రెట్లు తక్కువ కనుక, కింద ఎంత వేడి ఉన్నా చుక్కకు అందేది కొద్దిగానే; ఆ పొర మీద తేలుతోంది కనుకనే దానికి ఆ పరుగు. జర్మన్ వైద్యుడు యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో, బాగా కాల్చిన ఇనప గరిటెలో నీటిచుక్కలు వేసి చూసి దీన్ని వివరంగా రాశాడు. ఆయన పేరుతోనే దీన్ని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు.

చివరగా స్టవ్ ఆపి, పెనం చల్లారుతుండగా కాసిన్ని చుక్కలు వేసి ఊరుకున్నాను. నెమ్మదిగా తిరుగుతున్న చుక్కలు ఉన్నట్టుండి చుయ్యిమని పేలి మాయమయ్యాయి. వేడి తగ్గితే నీరు వేగంగా మరగడమేమిటన్న ప్రశ్నకు ఈసారి నేను నోరు విప్పనక్కరలేకపోయింది, ఆవిరి పొర తెగిపోయిందని వాళ్లే చెప్పారు. (ఇంట్లో చేసేవారు ఇనప పెనమే వాడాలి, నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా అంత వేడి చేయకూడదు.)

ఆ గంటలో యాభై బిట్లు చేయించి ఉండేవాణ్ణి కదా అని తోటి అధ్యాపకుడొకరు అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే. ప్రతి పాఠానికీ ఇంత సమయం ఇవ్వలేను కూడా, ఏడాదికి ఐదారు పాఠాలకు ఇస్తాను. అయితే బిట్లు చేయించిన ఏ గంటలోనూ నాకు రాని ప్రశ్న ఆ రోజు వెనక బెంచీలోని ఒక అమ్మాయి నుంచి వచ్చింది: "మరి దోసెపిండి ఎందుకు తేలదు సార్?" మర్నాటి వరకు గడువు అడిగాను. గరిటెడు పిండి పడగానే పెనం పైభాగం చల్లబడుతుందనీ, పిండి చిక్కన కనుక అడుగున పుట్టిన ఆవిరి పొరగా నిలవకుండా పిండిని తొలుచుకుని పైకి పోతుందనీ, దోసెలో కనిపించే చిల్లుల్లో పులిసిన పిండిలోని వాయువుతో పాటు ఈ ఆవిరికీ వాటా ఉందనీ మరునాడు చెప్పాను. ఈలోగా ఆ అమ్మాయి ఇంట్లో పిండిని పలచగా కలిపి పోసి చూసి, చిల్లులు ఎక్కువ పడ్డాయని రాసుకుని వచ్చింది.