డాబా మీద వడియాలు, ఫోన్‌లో ఫొటోలు

ప్రశ్న: తణుకు దగ్గర మా అమ్మమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే ఫోన్‌లో ఫొటోలు తీశాను. తెల్ల పంచె బూడిద రంగులో, ఆవిడ ముఖం నల్లగా వచ్చాయి. ఏం చేయాలండీ?

జవాబు: తప్పు మీది కాదు, పంచెది. ఎదురుగా అంత తెలుపు కనిపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా ఫొటోని నల్లబరుస్తుంది. తెర మీద అమ్మమ్మ ముఖాన్ని తాకండి. చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కాస్త పైకి జరపండి. పంచె మరీ తెల్లబడితే పడనివ్వండి. పొద్దున్న ఏడింటి ఏటవాలు ఎండలో అయితే ఒక్కో వడియానికీ నీడ పడి ముచ్చటగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అవే చప్పగా కనిపిస్తాయి.

నాకైతే ఆవకాయ రోజే ఇష్టం. టెంకతో సహా ముక్క తెగే క్షణం దొరకాలంటే వరసగా పది ఫొటోలు కొట్టాలి. తడి చేత్తో జాడీ దగ్గరికి మాత్రం వెళ్లకండి. మా అత్తయ్య నన్ను ఫోన్‌తో సహా బయటికి గెంటేసింది.