తుపాను నెలలో జపాన్ వెళ్తున్న మా అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. సెప్టెంబరు ఆఖరి వారం, ఆరు రాత్రులు. టోక్యోలో రెండు, కొండల్లో ఉండే హకోనెలో ఒకటి, క్యోటోలో రెండు, ఒసాకాలో ఒకటి, మర్నాడు పొద్దున్నే కాన్సాయ్ ఎయిర్‌పోర్టు. ఒక్క పూట కూడా ఖాళీ లేదు, నా దిగులంతా దాని గురించే. ఆగస్టు, సెప్టెంబరు అక్కడ తుపానులు ఎక్కువగా వచ్చే నెలలు. అక్టోబరులోనూ వస్తాయి, మేం చూశాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ మీద పడ్డప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మీ బాబాయ్, నేను వీధి తలుపుకి బీరువా అడ్డం జరిపి వంటింట్లో కూర్చున్నాం. సరిగ్గా ఐదేళ్ళకి, 2019లో అదే అక్టోబరు 12న మేమిద్దరం టోక్యోలో హోటల్ గదిలో ఉన్నాం. వచ్చింది హగిబిస్. అక్కడి వాళ్ళు తుపానుని పేరుతో పిలవరు, ఆ ఏడు ఎన్నోదైతే ఆ నంబరే. టీవీలో, స్టేషన్లో అందరూ ‘19వ నంబరు’ అంటుంటే అది ఇదేనని తెలియడానికి మాకు కాసేపు పట్టింది. నువ్వు బయల్దేరేటప్పుడు పేరూ నంబరూ రెండూ రాసుకో.

ఆ రోజు మేం హకోనె వెళ్ళాలి. ముందురోజు శుక్రవారం సాయంత్రం ఏదో సన్నగా జల్లు, అంతే. గాలి లేదు. మీ బాబాయ్ కిటికీలోంచి చూసి, ‘మనం చూడని తుపానా, పొద్దున్నే వెళ్ళిపోదాం’ అన్నారు. హోటల్ కౌంటర్ దగ్గర అమ్మాయి మాత్రం మ్యాప్ తీసి, రేపు ఏ రైలూ లేదని ఒక్కో లైను మీదా వేలు పెట్టి చూపించింది. టోక్యో నుంచి నగోయా దాకా షింకాన్సెన్ (వాళ్ళ బుల్లెట్ రైలు) రోజంతా లేదు. ఇంకా గాలే మొదలవలేదు, రైళ్ళు ఆపేస్తామని ముందే చెప్పేశారు! దీన్ని వాళ్ళు ‘కెయికాకు ఉన్‌క్యూ’ అంటారు, ముందే అనుకుని ఆపేయడం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో. మనకి ఆకాశం చూసి బయల్దేరే అలవాటు. అక్కడ ఆకాశాన్ని నమ్మకు, స్టేషన్లో పెట్టిన నోటీసుని నమ్ము. ముందురోజు సాయంత్రమే ఆ నోటీసు కోసం వెతుకు, రాత్రి పడుకునే ముందే మర్నాటి సంగతి తేల్చేసుకో. పొద్దున్న లేచి చూద్దాంలే అనుకుంటే అప్పటికి హోటల్ గదులూ అయిపోతాయి, దుకాణాల్లో తిండీ అయిపోతుంది.

ఆ శనివారం ఒక్కరోజే హకోనెలో 922.5 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాదులో ఏడాదంతా పడేదానికంటే ఎక్కువ. కొండ ఎక్కే చిన్న రైలు పట్టాలు కొట్టుకుపోతే మళ్ళీ నడపడానికి మరుసటి ఏడు జూలై దాకా పట్టింది. ఆ అమ్మాయి చూపించకపోతే మేం పొద్దున్నే ఆ కొండ మీదికి బయల్దేరేవాళ్ళం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

మేం చేసిన తప్పు తిండి దగ్గర. హోటల్ పక్కన కన్వీనియన్స్ స్టోర్‌కి రాత్రి తొమ్మిదింటికి వెళ్ళాం. బ్రెడ్డు లేదు, నీళ్ళ సీసాలు లేవు, అన్నం ముద్దలుండే అర ఖాళీ. మిగిలినవన్నీ చేపా మాంసం ఉన్నవే. శనివారం పగలంతా నా సంచీలో ఉన్న అటుకులు, కందిపొడి, రెండు అరటిపళ్ళు. మధ్యాహ్నం మూడున్నరకి ఫోన్లు రెండూ ఒక్కసారి గట్టిగా మోగాయి, అతి తీవ్ర హెచ్చరిక. సాయంత్రం ఆరు దాటాక చిన్న భూకంపం కూడా వచ్చింది. ఆ ఫోన్ మోత వింటే కంగారుపడకు, ఏమంటున్నారో కింద కౌంటర్లో అడుగు. అక్కడ హెచ్చరికలకి 1 నుంచి 5 దాకా అంచెలుంటాయి. 4 అంటే ప్రమాదముండే చోట ఉన్నవాళ్ళందరూ సురక్షితమైన చోటికి వెళ్ళాలని. 5 దాకా ఆగకూడదు. ‘సేఫ్టీ టిప్స్’ అనే యాప్ ఇంగ్లీషులో చెబుతుంది, ఇక్కడే ఫోన్లో వేసుకుని వెళ్ళు.

వాతావరణ శాఖ మ్యాపులో తుపాను దారి మీద గుండ్రాలు గీసి ఉంటాయి. గుండ్రం పెద్దగా ఉంటే తుపాను పెద్దదని మేం అనుకున్నాం. కాదట. తుపాను నడిమిభాగం ఆ గుండ్రంలోకి వచ్చే అవకాశం నూటికి డెబ్భై అని దాని అర్థం. గుండ్రం పెద్దదైతే దారి ఇంకా తేలలేదన్నమాట. తుపాను దూరంగా ఉంది కదా అనీ ధీమా పడొద్దు. 2024 ఆగస్టు ఆఖరులో 10వ నంబరు తుపాను ఎక్కడో దక్షిణాన క్యూషూలో నత్తలా నడుస్తుంటే, ఇటు మిషిమా నుంచి నగోయా దాకా కుండపోత. మూడు రోజులు ఆ మధ్య షింకాన్సెన్ నడవలేదు. నువ్వు టోక్యో నుంచి క్యోటో వెళ్ళే దారి సరిగ్గా అదే. అలా అయితే ఇంకో దారి ఉంది. టోక్యో నుంచి కనజావా మీదుగా త్సురుగా దాకా హొకురికు షింకాన్సెన్ (2024 మార్చి నుంచి అక్కడిదాకా వేశారు), అక్కడ మారి థండర్‌బర్డ్ రైల్లో క్యోటో. చుట్టూ తిరుగుడే, పైగా అందరూ ఆ దారే పడతారు కాబట్టి సీటు వెంటనే చూసుకోవాలి. అదీ ఆగితే ఎక్కడున్నారో అక్కడే ఉండిపోండి.

డబ్బు గురించి బెంగ వద్దు. రైలు వాళ్ళే రద్దు చేస్తే టికెట్ సొమ్ము కోత లేకుండా వెనక్కిస్తారు. దానికోసం ఆ రోజే స్టేషన్లో గంటలకొద్దీ వరసలో నిలబడక్కర్లేదు, టికెట్ భద్రంగా ఉంచుకుని తర్వాత అడగొచ్చు. ఇన్ని రోజులని ముందే కొనుక్కుని రైళ్ళు ఎక్కే రైల్ పాస్ మాత్రం అలా కాదు. మొదలుపెట్టాక రైళ్ళు ఆగినా రోజులు పొడిగించరు. నీ ఆరు రోజులకి విడి టికెట్లే మేలని నా అభిప్రాయం. పెట్టెలు ముందే పంపించే తక్యూబిన్ హాయే కానీ తుపానులో అవీ ఆగిపోతాయి. మీ అత్తగారి బీపీ మాత్రలు, రెండు జతల బట్టలు చేతి సంచీలో ఉండాలి.

ఇప్పుడు నీ ప్లాన్. హకోనె రాత్రికి, ముందురోజు దాకా డబ్బు కోత లేకుండా మానుకోగలిగే గదే తీసుకో. రోప్‌వే గాలికే ఆగిపోతుంది, వాన కూడా అక్కర్లేదు. ఒసాకాలో ఒక్క రాత్రి చాలదు. క్యోటోలో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ కలుపు. క్యోటో నుంచి ఒసాకా అరగంటే, చూడాలనుకుంటే పగలు వెళ్ళిరావచ్చు. ఎందుకు చెబుతున్నానంటే కాన్సాయ్ ఎయిర్‌పోర్టు సముద్రం మధ్య కట్టిన దీవి, ఒడ్డుకి ఒకటే వంతెన. 2018 సెప్టెంబరు 4న జెబి తుపానులో రన్‌వే మునిగింది, గాలికి కొట్టుకొచ్చిన ట్యాంకర్ ఓడ ఆ వంతెనని గుద్దింది. వేలమంది రాత్రంతా లోపలే ఉండిపోయారు. ఆ ఆఖరి రెండు రోజులూ నువ్వు ఒసాకా దాటి దూరం వెళ్ళొద్దు. సింగపూర్‌లో మారే రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూడు, విడివిడిగా కొంటే మొదటిది ఆగితే రెండోది పోయినట్టే.

ఉత్త వాన అయితే గదిలో కూర్చోవద్దు. ఒసాకాలో తెంజిన్‌బాషి వీధి రెండున్నర కిలోమీటర్లు పైకప్పు కిందే నడవొచ్చు. క్యోటోలో మీ అత్తగారిని సంజూసాన్‌గెన్‌దో తప్పక తీసుకెళ్ళు. పొడుగాటి చెక్క మందిరంలో వెయ్యిన్నొక్క కన్నోన్ (బౌద్ధుల కరుణామూర్తి) విగ్రహాలు, వాటి ముందు ఇరవై ఎనిమిదిమంది రక్షకులు. అందులో మన గరుత్మంతుడు వేణువు ఊదుతూ ఉంటాడు. రెండు కొసల్లో ఒకపక్క గాలిమూట భుజాన వేసుకున్న వాయుదేవుడు, రెండోపక్క చుట్టూ డప్పులు కట్టుకున్న పిడుగు దేవుడు. బయట జోరున వాన పడుతుంటే ఆ మసక వెలుగులో వాళ్ళిద్దరి ఎదుటా నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ ప్రయాణంలో నాకు ఫూజీ కొండకంటే బాగా గుర్తున్నది అదే.

తుపాను వెళ్ళిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంటుంది. దానికీ వాళ్ళకి ఒక మాట ఉంది, ‘తైఫూ ఇక్కా’. మాకూ ఆదివారం పొద్దున్న ఎండ కాసింది. కానీ పట్టాలన్నీ చూసుకుంటూ రైళ్ళు ఒక్కొక్కటే మొదలవుతాయి, మధ్యాహ్నం దాకా ఏదీ పెట్టుకోకు. ఎండ వచ్చిందని కొండదారి, ఏటిగట్టు వైపు పోవద్దు, నీళ్ళు తర్వాతే పెరుగుతాయి. మధ్యలో హఠాత్తుగా గాలి ఆగిపోతే అస్సలు బయటికి రాకు. హుద్‌హుద్ కన్ను మన మీదుగా వెళ్ళినప్పుడు అయిపోయిందనుకుని వీధిలోకి వచ్చినవాళ్ళని అవతలి గాలి ఎలా కొట్టిందో మీ బాబాయ్ కళ్ళారా చూశారు.

అక్కడి ప్లాస్టిక్ గొడుగు గాలికి తిరగబడి విరుగుతుంది, రెయిన్‌కోట్లు కొనుక్కోండి. తడిసిన బూట్లలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కితే పొద్దుటికి ఆరతాయి. గదుల్లో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉంటుంది కాబట్టి వేయించిన ఉప్మారవ్వ, అటుకులు, పులిహోర ముద్ద, కందిపొడి రెండు రోజులకి సరిపడా కట్టి ఉంచుతున్నాను. ఆదివారం అబ్బాయిని పంపు, లేదా నువ్వే వచ్చి భోంచేసి పట్టుకెళ్ళు.

మీ పిన్ని