వత్తుకు చోటుంచు

అమ్మలూ,

నీ కథల సైట్ ఫోన్‌లోనూ, ట్యాబ్‌లోనూ తెరిచి చూశాను. రంగులు బాగున్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. కథ చదవడమే కష్టమైంది. నువ్వు తీసుకున్న టెంప్లేట్ ఇంగ్లీషు అక్షరాల కొలతకు కుట్టిన చొక్కా. తెలుగుకి అది భుజాల దగ్గరా, నడుము దగ్గరా బిగుసుకుపోతోంది.

ముందు వరుసల మధ్య ఖాళీ సంగతి చూడు. మనకు అక్షరం పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తు వేలాడుతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో రెండేసి వత్తులు. నీ లైన్ హైట్ 1.4 ఉంది. అందుకే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతోంది. 1.7 దగ్గర మొదలుపెట్టు, ఫాంట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ జరుపుకో. ఆ అంకె పక్కన పిక్సెల్ అని రాయకు, ఉత్త అంకె చాలు. అచ్చులో పేజీ ఒకసారి కట్టేస్తే అంతే. ఇక్కడ చదివేవాళ్లే అక్షరం సైజు పెంచుకుంటారు. అప్పుడు ఖాళీ కూడా దాంతోపాటే పెరగాలి.

శీర్షికల్లో ఇది మరీ ఘోరం. టెంప్లేట్లలో హెడ్డింగుకి 1.1 పెట్టి, పెట్టె దాటిందాన్ని కత్తిరించేస్తారు. నీ మొదటి పేజీలో ‘వెన్నెల’ కాస్తా ‘వెనెల’ అయింది, చూసుకున్నావా? బటన్ల మీది మాటలు కూడా ఒకసారి చూడు.

సైజు విషయంలో మొహమాటపడకు. ప కింద చిన్న గీత తగిలితే ఫ, ద కింద తగిలితే ధ, డ కింద తగిలితే ఢ. 14 పిక్సెళ్ల దగ్గర ఆ గీత కంటికి ఆనదు. ఫోన్‌లో 18, ట్యాబ్‌లో 20 పిక్సెళ్లకు సమానంగా పెట్టు, కానీ రెమ్‌లో రాయి, అది బ్రౌజర్‌లో పెట్టుకున్న అక్షరం సైజుని బట్టి మారే కొలత. అప్పుడు బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ల మాట చెల్లుతుంది. వేళ్లతో జూమ్ చేయనివ్వకుండా ఆపే లైను ఒకటి నీ కోడ్‌లో ఉంది, దాన్ని ఇవాళే తీసెయ్. డిజైన్ చెదురుతుందని పెట్టి ఉంటావు. చెదరనీ.

ఫాంట్ల దగ్గరికొస్తే, గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సురన్న, తెనాలి రామకృష్ణ అంటూ రాయలవారి సభ దాదాపు కొలువుదీరి ఉంది, రాయలవారి పేరుతో కూడా ఒకటుంది. పేరు చూసి మురిసిపోకు. కథ మొత్తానికి నోటో సెరిఫ్ తెలుగు గానీ, మండలి గానీ వాడు. రామభద్ర లాంటి లావుపాటివి శీర్షికకే బాగుంటాయి. ఎంచుకున్న ఫాంట్‌లో బోల్డ్ విడిగా ఉందో లేదో చూడు. లేకపోతే బ్రౌజరే గీతల్ని లావు చేస్తుంది, అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. ఇటాలిక్ అసలు వద్దు. వాలు అక్షరం మన అలవాటు కాదు, బ్రౌజర్ నిలువు అక్షరాన్నే పక్కకు తోసి చూపిస్తుంది. పాత్ర మనసులో అనుకునే మాటలకు కొటేషన్ గుర్తులు చాలు. లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య అదనపు ఖాళీ, సున్నా.

ఇంకోటి, తెలుగు ఫాంట్ ఫైలు బరువు. వత్తులు, గుణింతాల కలయికలన్నిటికీ అందులో రూపాలు ఉండాలి కదా. రెండు ఫైళ్లు మించనివ్వకు, వెబ్ కోసం ఫాంట్‌ని కుదించే వోఫ్2 రూపంలో పెట్టు. అది దిగేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తోనే కథ కనిపించాలి. ఐప్యాడ్‌లో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉంటుంది, నాకైతే అదే చాలనిపిస్తుంది.

ట్యాబ్‌ని అడ్డంగా తిప్పితే నీ వాక్యం ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెడుతోంది. వరుస చివరికి వెళ్లిన కన్ను తిరిగొచ్చేటప్పుడు దారి తప్పుతుంది. వరుసకు ఇన్ని అక్షరాలని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. టెంప్లేట్‌లో వెడల్పుకి వాడిన ‘సీహెచ్’ కొలత కూడా ఇంగ్లీషు సున్నా వెడల్పు ఆధారంగా నడిచేదే. దాని బదులు 30 ఎమ్‌లు (ఒక ఎమ్ అంటే అక్షరం సైజంత) పెట్టి చూడు, వరుసకు ఎనిమిది పది మాటలు వస్తాయి. రెండు వైపులా అంచులు సమం చేయకు. ‘వెళ్లిపోవాలనుకుంటున్నప్పుడు’ లాంటి మాట ఒక్కటి వచ్చిందంటే ఫోన్‌లో దాని పై వరుస అంతా గుంతలే. ఎడమ అంచు సమంగా ఉంటే చాలు.

రచయితలు పంపిన కథల్ని శుభ్రం చేయడానికి ఏదో స్క్రిప్ట్ రాశానన్నావు. అది కంటికి కనబడని గుర్తుల్ని కూడా ఊడ్చేస్తోంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రావాల్సింది ‘సాఫ్ట్వేర్’ అని వస్తోంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపే గుర్తు అది, దాన్ని ముట్టుకోకు. అలాంటి గుర్తే ఉన్న ఒక ‘జ్ఞా’ 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసుకుంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు కాబట్టి, నీ ల్యాప్‌టాప్‌లో బాగుందని ఊరుకోకుండా అసలు ఫోన్లలో పెట్టి చూడు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాయడం కూడా మర్చిపోకు. ఇప్పుడు ఇంగ్లీషు అని ఉంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు దాన్ని చూసే గొంతు ఎంచుకుంటాయి.

డార్క్ మోడ్‌లో కటిక నలుపు మీద తెల్లటి తెలుపు వద్దు, రెండూ కాస్త మెత్తబరుచు. సీరియల్ చదివేవాళ్లు ఎక్కడ ఆపారో సైటే గుర్తుపెట్టుకోవాలి. పేజీలు తిప్పే యానిమేషన్ నాకు నచ్చలేదు, ఉంచాలో తీయాలో నీ ఇష్టం.

ఇవన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. ముందు లైన్ హైట్, జూమ్, ఆ స్క్రిప్ట్ సరిచేసి లింకు పంపు. మీ అమ్మ ట్యాబ్‌లో ఒక కథ పూర్తిగా చదివించి, ఎక్కడ ఆగిందో నాకు రాయి.

మీ మావయ్య