రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లకు ఆసక్తి తెలిపే విషయమై మేనకోడలికి

చి. మేనకోడలికి ఆశీస్సులు.

ఈ ఏడాది అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణకు, దరఖాస్తు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గుంటూరు, కర్నూలు, వరంగల్ కాలేజీల నుంచి వచ్చే మన పిల్లలు స్కోర్ల మీద పెట్టే శ్రద్ధ, ఫలానా ప్రోగ్రామే ఎందుకు కావాలో చెప్పడం మీద పెట్టరు. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో మొదటిదైన స్టెప్ 1లో 2022 జనవరి నుంచి మార్కులు ఇవ్వకుండా పాస్, ఫెయిల్ మాత్రమే చెబుతున్నారు కనుక ఆ లోటు ఇప్పుడు మరింత బయటపడుతోంది.

రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో పంపే ఇరాస్ దరఖాస్తులో సిగ్నల్స్ అనేవి ఉంటాయి. ఫలానా ప్రోగ్రామ్ మీద నీకు ప్రత్యేక ఆసక్తి ఉందని వాళ్లకు తెలిపే గుర్తులవి, గోల్డ్ అంటే అన్నిటికన్నా ఎక్కువ ఆసక్తి, సిల్వర్ దాని తర్వాతిది. ఇంటర్నల్ మెడిసిన్‌కు 2024-25లో 3 గోల్డ్, 12 సిల్వర్ ఇచ్చారు. ఈ ఏటి లెక్క సరిచూసుకో. దరఖాస్తుతో పాటు పంపాక వాటిని మార్చుకునే వీలుండదు కాబట్టి, పేరు మోసిన చోట్లన్నిటికీ శుభలేఖలు పంచినట్టు పంచవద్దు. మొదట వీసా సంగతి చూడు. నీకు హెచ్-1బీ కావాలనుకుంటే, జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మాత్రమే ఇచ్చే ప్రోగ్రామ్‌కు పంపిన సిగ్నల్ వృథా అవుతుంది. పైగా హెచ్-1బీకి లైసెన్సు పరీక్షలో చివరిదైన స్టెప్ 3 కూడా పాసై ఉండాలి. తర్వాత, ఆ ప్రోగ్రామ్‌లో ఇప్పుడున్న రెసిడెంట్లు ఏయే కాలేజీల్లో చదివారో వాళ్ల వెబ్‌సైట్‌లో చూడు. విదేశాల్లో చదివినవారు ఒక్కరూ లేని చోట గోల్డ్ సిగ్నల్ ఖర్చు చేయడం నా దృష్టిలో శుద్ధ దుబారా. నువ్వు అబ్జర్వర్‌షిప్ చేసిన, అంటే డాక్టర్ల పనిని దగ్గరుండి గమనించిన, ఆసుపత్రికి నువ్వు తెలిసినదానివే అయినా, అక్కడ చేరాలని నిజంగా ఉంటే సిగ్నల్ పంపాల్సిందే.

అదే దరఖాస్తులో అమెరికాను 9 ప్రాంతాలుగా విభజించి, నీకు ఇష్టమైనవి 3 వరకు ఎంచుకోమంటారు. మేము న్యూజెర్సీలో ఉన్నామన్నది నిజమైన కారణమే, మొహమాటం లేకుండా రాయి.

ఇంటర్వ్యూ తర్వాత ఉత్తరాలు పంపవద్దని కొన్ని ప్రోగ్రామ్‌లు ముందే చెబుతాయి. ఆ మాట మన్నించు. పంపవచ్చన్న చోట, ఆనాటి సంభాషణలో నిన్ను ఆకట్టుకున్న ఒక్క విషయం ప్రస్తావిస్తే చాలు, పొగడ్తలు అక్కరలేదు. చివర్లో నువ్వు ప్రోగ్రామ్‌లను, అవి అభ్యర్థులను ఇష్టం కొద్దీ వరుసగా రాసి ఇస్తే, ఆ వరుసలను బట్టి సీట్లు కేటాయించే పద్ధతే మ్యాచ్. నీ ర్యాంకుల వరుస చెప్పమని ప్రోగ్రామ్‌లు అడగడం మ్యాచ్ నిబంధనలకు విరుద్ధం. నీ అంతట నువ్వు 'మిమ్మల్నే మొదట పెట్టాను' అని చెప్పదలిస్తే, అది నిజమైన ఒక్క ప్రోగ్రామ్‌కు మాత్రమే చెప్పు. వాళ్లు తియ్యగా జవాబిచ్చారని వరుస మార్చవద్దు, ఎందుకంటే మ్యాచ్ పద్ధతి నీ ఇష్టం ప్రకారం పైనుంచి ఒక్కొక్క పేరే చూసుకుంటూ వస్తుంది. అందని చోటును పైన రాసినందువల్ల కిందివాటిలో నీ అవకాశం తగ్గదు.

సెప్టెంబరు మొదటి వారానికల్లా నీ సిగ్నల్స్ జాబితా నాకు పంపు. ప్రతి పేరు ఎదుట ఒక వాక్యంలో కారణం రాయి. కారణం లేని పేర్లను నేనే కొట్టేస్తాను.

ఇట్లు,
మీ మావయ్య