పాతికవేలు కట్టే ముందు పాత సీపీయూ ఒకటి విప్పనివ్వండి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం. మావాడు బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాడు. ఒంగోలులో ఒక సర్వీస్ సెంటర్‌కి ఇంటర్వ్యూకి వెళ్తే ర్యామ్‌కీ స్టోరేజికీ తేడా అడిగారట. చెప్పలేక తిరిగొచ్చాడు. ఇప్పుడు హార్డ్‌వేర్ కోర్సుకు పాతికవేలు అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టొద్దు. ఒక నెల ఆగండి.

ర్యామ్ అంటే రాండమ్ యాక్సెస్ మెమరీ అని మీవాడు బట్టీ పట్టే ఉంటాడు. అడిగినవాళ్లకు కావలసింది ఆ పేరు కాదు, దాని పని. అది మీ ఇంట్లోనే రోజూ చూస్తుంటాడు. పొగాకు గ్రేడ్ చేసేటప్పుడు మండె (గుట్టగా పేర్చిన ఆకు) మొత్తం ఒకేసారి ముందేసుకోరు కదా! కావలసినంత తీసి పట్ట మీద పరుచుకుంటారు. మండె స్టోరేజి, పట్ట ర్యామ్. పట్ట ఇరుకైతే ఆకు తీయడం, పెట్టడంతోనే పొద్దు గడిచిపోతుంది. ర్యామ్ చాలని కంప్యూటర్‌దీ అదే అవస్థ. కాకపోతే కరెంటు పోగానే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. స్టోరేజిలో, అంటే హార్డ్‌డిస్క్‌లోనో, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలోనో సేవ్ చేసింది ఉంటుంది. లాప్‌టాప్ మీద 8 జీబీ (ర్యామ్), 512 జీబీ (స్టోరేజి) అని రెండు అంకెలు వేరుగా రాసేది అందుకే. షాపుల్లో రెండింటినీ 'మెమరీ' అనేస్తారు, పిల్లల తికమకంతా అక్కడే మొదలవుతుంది.

సర్వీస్ సెంటర్‌లో రోజూ వినే మాట 'సార్, సిస్టమ్ స్లోగా ఉంది'. అప్పుడు టాస్క్ మేనేజర్ (మెమరీ, డిస్క్ ఎంత వాడకంలో ఉన్నాయో చూపే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి చూడాలి. అందులో మెమరీ అంటే ర్యామే. మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ పెంచాలి. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గరే నిలిచిపోతే, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం మేలు. ఇలా చూసి చెప్పగలిగే కుర్రాణ్ణి ఎవరూ వదులుకోరు.

1 టీబీ డిస్క్ కొంటే 931 జీబీయే చూపిస్తోందని గొడవకు వచ్చేవాళ్లూ ఉంటారు. మోసమేమీ లేదు. కేబీ నుంచి ఎంబీకి, ఎంబీ నుంచి జీబీకి ఇలా ప్రతి మెట్టునూ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున.

ఈ నెలలో మీరు చేయాల్సింది, మూలన పడేసిన డెస్క్‌టాప్ ఎక్కడైనా దొరికితే తెచ్చివ్వడం. ప్లగ్ పీకేసి, సీపీయూ డబ్బా పక్క మూత తీసి, క్లిప్పులు నొక్కి ర్యామ్‌ను వాడి చేత్తో వాణ్ణే తీయనివ్వండి. అడుగున బంగారు రంగు గీతల మధ్య చిన్న గాడి ఉంటుంది. ర్యామ్‌లో పాత రకం డీడీఆర్3కి ఒకచోట, దాని తర్వాతి రకం డీడీఆర్4కి ఇంకోచోట, అందుకే ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. సీపీయూ బీప్‌మంటూ స్క్రీన్ నల్లగా ఉండిపోతే, చాలాసార్లు ఆ గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెడితే చాలు, ఆన్ అవుతుంది. మొదటిసారి అలా వెలిగినప్పుడు పిల్లల ముఖాలు నేను చూశాను. ఇంటర్వ్యూ టెన్షన్ సగం అక్కడే పోతుంది.

నెల తర్వాత కూడా వాడికి ఇదే ఇష్టమైతే, ముందు ఊళ్లోనో ఒంగోలులోనో ఏదైనా రిపేర్ షాపులో పనికి కుదర్చండి. అప్పటికీ కోర్సు కావాలంటే ఫీజు కట్టకముందు ఒకరోజు క్లాసులో కూర్చోబెట్టమని అడగండి. మిషన్ విప్పి పిల్లల చేతికిస్తున్నారా, బోర్డు మీద రాసి చూపించి పంపేస్తున్నారా అన్నది మీవాడే వచ్చి చెబుతాడు.